మా కాలువకి ఎగువన ఒక ఎడారి

మా మేనల్లుడు అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటాడు. సెలవు దొరికితే కారెక్కి గ్రాండ్ కాన్యన్ అనీ, మాన్యుమెంట్ వ్యాలీ అనీ, డెత్ వ్యాలీ అనీ ఎర్రరాళ్ల వెంట పడి తిరగడం, ఆ ఫొటోలు ఇంటివాళ్ల గ్రూపులో పెట్టడం వాడికి అలవాటు. అవి చూసి ఉయ్యూరులో మావాళ్లంతా అనేది ఒకటే మాట: "చెట్టూ చేమా లేని చోటికి పెట్రోలు పోయించుకుని మరీ ఎందుకురా పోవడం?" అందులో వెటకారం కంటే నమ్మకమే ఎక్కువ. పుల్లేరు గట్టున పుట్టి, చెరుకు తోటల మధ్య పెరిగి, జూన్ వస్తే కాలువకి నీళ్లెప్పుడు వదులుతారా అని చూడటమే తప్ప ఆకాశం వంక పెద్దగా చూడనివాళ్లం. నీళ్లు లేని నేలని మేం నేల కింద జమకట్టం.

మొన్న ఏరువాక పున్నమి దాటాక వాడు ఊరొచ్చాడు. "మామయ్యా, అలాంటి రోడ్డు మనకీ ఒకటుందిగా, గుంటూరు నుంచి అనంతపురం. పోదామా?" అన్నాడు. నేను బడిలో సోషల్ చెప్పి రిటైరయినవాణ్ణి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి అని ఏటేటా పిల్లల చేత బట్టీ పట్టించాను. రైలు కిటికీలోంచి తప్ప ఆ జిల్లాని చూసింది లేదు. మా బావ, అంటే వాడి నాన్న, "నారుమడి దున్నాలి, నేను రాను" అంటూనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

శాస్త్రం అడిగితే అనంతపురం ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే చోటే ఎడారి. అనంతపురంలో సగటున 550 చుట్టూ పడుతుంది. నైరుతి రుతుపవనాన్ని పడమటి కనుమలు పిండేసుకుంటాయి, ఈశాన్య రుతుపవనం సముద్రం నుంచి అంత దూరం వచ్చేసరికి అలిసిపోతుంది. నిజం చెప్పాలంటే మా వాడి ఫీనిక్సే అసలు ఎడారి, అక్కడ పడే వాన అనంతపురంలో సగం కూడా ఉండదు. అయినా వాళ్ల ఇళ్ల ముందు పచ్చిక ఉంటుంది. అదెలాగో దారిలో చెప్పాడు, ఆ సంగతి తర్వాత.

గుంటూరు దాటి నరసరావుపేట, వినుకొండ వరకు కొత్త ఏమీ లేదు. సాగర్ కుడి కాలువ పుణ్యమా అని అదీ మా దేశంలాగే ఉంటుంది, కాస్త మిరపతోటల ఎరుపు ఎక్కువ. వినుకొండ దాటాక గాని నేల రంగు మారదు. 544డి అనే ఈ జాతీయ రహదారి కంభం, గిద్దలూరు, నంద్యాల, బనగానపల్లె, తాడిపత్రి మీదుగా సరాసరి అనంతపురం వెళుతుంది. యాత్ర కోసమే వేశారా అన్నట్టు కట్టుగా ఉంటుంది దారి. కంభంలో ఆగి చెరువు చూడకుండా పోవద్దు. గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య సందు చూసి చిన్న కట్ట వేసి పెద్ద సముద్రాన్ని నిలబెట్టారు విజయనగరం కాలపువాళ్లు. కట్టించింది వరదరాజమ్మ అనే రాణి అంటారు. 2020లో అంతర్జాతీయ సాగునీటి సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. మా బావ కట్ట మీద అటూ ఇటూ నడిచి, "కాటన్ దొర పుట్టకముందే మనవాళ్లకి ఈ విద్య తెలుసన్నమాట" అన్నాడు. డెల్టా రైతు నోట కాటన్ తర్వాతే ఎవరి పేరైనా.

గిద్దలూరు దాటగానే నల్లమల. దిగువమెట్ట నుంచి గాజులపల్లె దాకా అడవి, మలుపులు, దారికి తోడుగా గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం. 1880లలో మీటర్ గేజి వేసినప్పుడు లోయ మీద కట్టిన దొరబావి వంతెన పాత స్తంభాలు ఇప్పటికీ అడవిలో నిలబడి ఉన్నాయి. ఈ అడవంతా నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంతో కలిసిపోయిన పచ్చదనమే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకి వచ్చిన ఆ అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలో అన్నిటికంటే పెద్దది. ఒక్క ఆంధ్రా వైపే 3,700 చదరపు కిలోమీటర్ల పైన ఉంది. పులిని చూద్దామని వెళ్లేవాళ్లకి నా మాట: ఆశ పెట్టుకోకండి. కోతులు మాత్రం ఎదురొస్తాయి, అరటిపళ్లు పెట్టకండి. పెట్టి పెట్టి వాటిని రోడ్డు మీద బిచ్చగాళ్లని చేశాం, లారీల కింద పడి చస్తున్నాయి.

నంద్యాలలో దిగి మరునాడు తెల్లవారకముందే దారి వదిలి ఉత్తరంగా రోళ్లపాడు వెళ్లాం. ఇది నా కోరిక. బట్టమేక పిట్ట కోసం 1988లో కేటాయించిన ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డిబీడు అది. బట్టమేక అంటే మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగే పిట్ట. ఎగిరే పిట్టల్లో అంత బరువున్నవి ప్రపంచంలోనే తక్కువ. ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు, అదీ నేల మీద. చెట్టూ చేమా లేని మెట్టబీడే దాని ఇల్లు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు ఇక్కడే మకాం వేసి ఆ పిట్ట బతుకంతా రాసుకున్నారు.

మేం వెళ్లినప్పుడు ఎండిన గడ్డి, కృష్ణజింకల మంద, పైన గద్దలు. బట్టమేక లేదు. కొన్నేళ్లుగా ఎవరికీ కనబడటం లేదని అక్కడ కంచె దగ్గర కాపలా ఉన్నతను చెప్పాడు. ఎందుకు పోయింది? కారణాలు ఒకటి కాదు. కంచె లోపల జింకలు పెరిగిపోయాయి, చుట్టూ కరెంటు తీగలొచ్చాయి. కానీ డెల్టావాడిగా నన్ను కుదిపింది మరొకటి. పక్కనే కె.సి. కెనాల్ కోసం అలగనూరు రిజర్వాయరు కట్టారు. నీళ్లొచ్చాయి. జొన్న, కొర్ర వేసే మెట్టచేలు పోయి తడిపంటలొచ్చాయి. ఆ పిట్ట గింజలు, మిడతలు ఏరుకు తినేది కంచె లోపలి కంటే బయటి మెట్టచేలల్లోనే ఎక్కువ. నీళ్లొస్తే ఊరు బాగుపడుతుందని నేను పాఠం చెప్పాను, ఊరు బాగుపడింది కూడా. ఆ నీళ్లతోనే నిలవనీడ లేకుండా పోయే ప్రాణి ఒకటుంటుందని మాత్రం మా కాలువ గట్టు మీద ఎవరూ అనుకోం.

మిగిలిన బట్టమేకల్లో ఎక్కువ భాగం ఇప్పుడు రాజస్థాన్‌లో, జైసల్మేర్ పక్కన ఉన్న డెజర్ట్ నేషనల్ పార్కు చుట్టుపక్కలే. బీళ్లలో తిరిగేవి దేశం మొత్తం మీద రెండొందలు కూడా లేవు. అక్కడ 2019 నుంచి గుడ్లు తెచ్చి పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. ఆ పిల్లలు పెద్దవై ఎప్పటికైనా రోళ్లపాడు వస్తాయా? వస్తే దిగటానికి బీడు ఉండాలిగా.

కె.సి. కెనాల్ సంగతి వచ్చింది గనక ఒక్క ముక్క. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని 1860లలో ఇంగ్లండులో వాటాలు అమ్మి, లాభం మీద ఆశతో తుంగభద్ర నుంచి కడప దాకా తవ్విన కాలువ ఇది. వెనక ఉన్న ఊహ కాటన్‌దే. నల్లరేగడి రైతు "నా జొన్నకి నీ నీళ్లెందుకు" అన్నాడు, కంపెనీ దివాలా దారి పట్టింది, 1882లో సర్కారు కొనుక్కుంది. కృష్ణా ఆనకట్టతో మా తాతల దశ తిప్పిన లెక్క ఇక్కడ ఇరవై ఏళ్లు కూడా నిలబడలేదు. కాటన్ విగ్రహానికి దండలేసే మేం ఈ కథ చెప్పుకోం.

బనగానపల్లె మీదుగా వస్తూ మామిడిపళ్లు కొనబోతే మా బావ ఒప్పుకోలేదు. "నూజివీడు పక్కన పెట్టుకుని ఇక్కడ బంగినపల్లి కొంటే నవ్విపోతారు." ఊరి పేరు వీళ్లది, తోటలు మావి. యాగంటి చూశాం, కోనేట్లో కాళ్లు కడుక్కున్నాం, పెరిగే బసవన్నకి దణ్ణం పెట్టాం. దాని గురించి రాయనివాళ్లు లేరు, నేను రాయను.

బెలుం గుహల గురించి మాత్రం రాయాలి. కొలిమిగుండ్ల దాటాక చదునైన పొలం. ఆ పొలంలో ఒక గొయ్యి. మెట్లు దిగితే 3,229 మీటర్ల గుహ. మైదానం కింద ఇంత గుహ ఉందని పైనుంచి కనిపెట్టడానికి ఒక్క ఆనవాలు కూడా లేదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ దీన్ని కాగితం మీద పెట్టాడు. తర్వాత వందేళ్లు ఎవరికీ పట్టలేదు. 1982, 83లలో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. మధ్యలో చుట్టుపక్కలవాళ్లు చెత్త పోసుకునే గొయ్యి ఇదే. 2002లో టూరిజం వాళ్లు దీపాలు పెట్టి, గాలి గొట్టాలు వేసి జనానికి తెరిచారు. పాతాళగంగ దగ్గర రాతి లోపల ఎక్కణ్ణించో నీటి చప్పుడు వినబడుతుంది. పైన చుక్క లేదు, కింద పారుతోంది. సున్నపురాయిని లక్షల ఏళ్లు నీరే కొద్దికొద్దిగా కరిగించి ఇంత దారి చేసుకుంది. కాలువ తవ్వటానికి నీళ్లకి మన పొక్లెయిన్ అక్కర్లేదు.

ఆ రాయి పొరలు పొరలుగా పైకొస్తే అదే నాపరాయి. కొలిమిగుండ్ల, బేతంచెర్ల, తాడిపత్రి దారులన్నీ నాపరాళ్ల ఫ్యాక్టరీలే. కోత మిషన్ల మోత, రోడ్డు పక్కన తెల్లటి బురద, నిలబెట్టి పేర్చిన పలకలు. డెల్టాలో పాతిక, ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఏ ఇంట్లో చూసినా కింద ఈ బండలే. మా ఒండ్రు నేలలో మచ్చుకి ఒక రాయి దొరకదు. అడుగు పెట్టని సీమ మీదే మేం రోజూ నడుస్తున్నాం.

గండికోటకి సాయంత్రం చేరాం. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారిన లోయ, దాని అంచున కోట. 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అని బోర్డులు, రీల్సు. రెండూ చూసినవాడు మా వెంట ఉన్నాడు గనక తీర్పు వాణ్ణే అడిగాం. "పోల్చకండి మామయ్యా, పోలిస్తే దీనికే అన్యాయం" అన్నాడు. గ్రాండ్ కాన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, మైలుకి పైగా లోతు. గండికోట లోయ మూడొందల అడుగులంటారు. కొలతల పందెంలో మనం లేం. కానీ వయసు పందెంలో ఉన్నాం: అక్కడ అంచున నిలబడితే కాళ్ల కింద ఉండే పొర 27 కోట్ల ఏళ్లది. ఇక్కడి కడప బేసిన్ రాళ్లు వంద కోట్ల ఏళ్లు దాటినవి. పైగా ఆ అంచు మీద కోట లేదు. ఇక్కడ లోయ అంచుకి నాలుగడుగుల్లో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, కారాగారం, పావురాల గూడు ఉన్నాయి. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటని మీర్ జుమ్లా పట్టుకున్నాక, 1652లో వజ్రాల వ్యాపారి తావెర్నియే ఇక్కడికొచ్చి అతన్ని కలిశాడు. గుళ్లలోని రాగి విగ్రహాల్ని కరిగించి ఫిరంగులు పొయ్యమని మీర్ జుమ్లా ఒక ఫ్రెంచి ఫిరంగివాడికి చెబితే, మిగతావన్నీ కరిగాయి గాని గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని తావెర్నియే రాశాడు. నమ్మినా నమ్మకపోయినా, ఆ గుడి ఇప్పుడు మూలవిరాట్టు లేకుండా ఖాళీగా ఉంది. చెక్కడం మాత్రం అప్పుడే ఉలి దించినట్టు ఉంటుంది.

లోయ అంచున కంచె లేదు. సెల్ఫీలకి వెనక్కి వెనక్కి నడిచే కుర్రాళ్లని చూస్తుంటే నాకు పెన్న కనబడలేదు, గుండె దడే వినబడింది. దయచేసి పిల్లల చెయ్యి వదలకండి.

రాత్రి సంగటి, పల్లీల పచ్చడి తింటూ నేషనల్ పార్కుల మాట వచ్చింది. ఆంధ్రలో అలాంటివి మూడు. 1989 నాటి శేషాచలం అడవుల శ్రీ వేంకటేశ్వర, 2008 నాటి పాపికొండలు, ఈ రెంటికీ మధ్య 2005లో ప్రకటించిన రాజీవ్ గాంధీ పార్కు. ఆ మూడోది గండికోటకి దగ్గర్లోనే, ప్రొద్దుటూరు పక్కన పెన్న ఒడ్డున రామేశ్వరంలో ఉంది. విస్తీర్ణం 2.4 చదరపు కిలోమీటర్లు. గ్రాండ్ కాన్యన్ పార్కు 4,900 పైన. మా వాడు నవ్వాపుకోలేకపోయాడు. మా బావకి కోపమొచ్చింది. "నవ్వకురా. ఊరి పక్కన ఆరొందల ఎకరాలు ఎవడూ పంచుకోకుండా వదిలేశారంటే అది చిన్న సంగతా? మన దగ్గర వదుల్తారా?" ఆయన మాటే నాకు నచ్చింది.

తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాలు సగంలో ఆగిపోయి ఉన్నాయి. సగమైనా పూర్తయినవాటిని తలదన్నేలా ఉన్నాయి. గుత్తిలో కోట ఎక్కలేదు, ఎండ. దత్తమండలాలకి 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా చేసి, తర్వాత గవర్నరయి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రోని ముందు పాతిపెట్టింది ఈ గుత్తిలోనే. ఆపైన మద్రాసుకి తీసుకెళ్లారు.

గుత్తికి దగ్గర్లోనే ఎర్రగుడి. బస్సులు ఆగవు, హోటళ్లు లేవు, గుట్ట మీద నల్లటి బండలు ఉన్నాయి. ఆ బండల మీద అశోకుడు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నవి దేశంలో అరుదు. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి ఉంటాయి. చెక్కినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో. పెద్ద శాసనాల్లో రెండోదాని సంగతి చెప్పాలి: మనుషులకీ పశువులకీ మందుమొక్కలు నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ అందులో ఉంది. ఇరవై రెండు వందల ఏళ్ల కిందట, ఈ ఎర్రటి ఎండదారి మీద, రాజు రాయించుకున్న గొప్ప అది. మేం ఆ గుట్ట దిగేసరికి మూడు సీసాల నీళ్లూ అయిపోయాయి, దారిలో బావి లేదు.

జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం. మొదట దొంగలేమో అనుకున్నాడు మా వాడు. తొలకరి పడ్డాక వజ్రాలు ఏరేవాళ్లు వాళ్లు. గుత్తి, పత్తికొండ, వజ్రకరూరు చుట్టుపక్కల నేలలో వాన కడిగినప్పుడల్లా రాయి తేలుతుంది. ఒకామె చెట్టు కింద సద్ది విప్పుతూ పలకరించింది. "యా ఊరు సామీ మీది? బెజవాడ కాడా? మీకేం, నీళ్లుండాయి. మాకు వాన పడితే యిత్తనమన్నా పడాల, రాయన్నా దొరకాల." దొరికిందా ఎప్పుడైనా అంటే నవ్వింది. "దొరికినోళ్లు సెప్తారా?" ఆ పక్క చేనాయన మాత్రం విత్తనం తొక్కుతున్నారని అందరినీ అదిలిస్తున్నాడు. రెండూ న్యాయమే.

వజ్రకరూరు దాటాక హంద్రీ–నీవా కాలువ. రాగులపాడు దగ్గర ఎత్తిపోతల. మేం వెళ్లినప్పటికి కాలువ ఖాళీ. శ్రీశైలానికి వరదొస్తేనే మోటార్లు తిప్పుతారు. మల్యాల దగ్గర శ్రీశైలం వెనక నీటిని తోడి, మెట్టు మెట్టుగా ఎత్తుకుంటూ 2012లో జీడిపల్లి రిజర్వాయరు దాకా తెచ్చారు. అంటే ఈ కాలువలో వచ్చేది కృష్ణ. ఇక్కడే మా వాడు ఫీనిక్స్ పచ్చిక గుట్టు చెప్పాడు. కొలరాడో నది నుంచి 540 కిలోమీటర్ల కాలువ, 2,900 అడుగుల ఎత్తు ఎక్కించి ఎడారి ఊళ్లకి పోస్తారట. గ్రాండ్ కాన్యన్ని చెక్కిన ఆ నది ఇప్పుడు మామూలు ఏడాదిలో సముద్రం ముఖం చూడదు.

మా బావ కాలువ అడుగున పగిలిన మట్టి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. "పట్టిసీమ నీళ్లు మనకి జూన్‌లోనే వస్తున్నాయి, నారు ముందే పోస్తున్నాం, అది తెలుసు. ఆ లెక్కకి రెండో పేజీ ఇక్కడుందన్నమాట" అన్నాడు చివరికి. అంతే సంగతి. 2015లో గోదావరిని పట్టిసీమ దగ్గర తోడి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపడం మొదలెట్టింది అందుకే. ఏటా 80 టీఎంసీల దాకా డెల్టాకి గోదావరి వస్తే, ఆ మేరకు కృష్ణని శ్రీశైలంలో ఆపి ఇటు మళ్లించవచ్చు. పుల్లేరులో పారే నీళ్లలో సగపాలు మన కృష్ణ కాదన్నా ఉయ్యూరులో ఎవరికీ పట్టదు, పంట పండితే చాలు. పట్టాల్సిన అవసరం నాకు ఆ ఖాళీ కాలువ దగ్గర తెలిసింది.

ఉరవకొండ, కణేకల్లు మీదుగా బొమ్మనహాళ్ మండలం. దర్గా హొన్నూరు చేరేసరికి మధ్యాహ్నం గాలి మొదలైంది. ఊరి దాపుకి వచ్చాక రోడ్డు మీద సన్నగా ఇసుక పాకుతోంది. మలుపు తిరిగితే దిబ్బలు. సముద్రం లేదు, ఒడ్డు లేదు, పసుపు రంగు ఇసుక దిబ్బలు మాత్రం మనిషి ఎత్తు దాటి, గాలి రాసిన గీతలతో వరసగా ఉన్నాయి. మంగినపూడి బీచిలో చూసిన ఇసుక వేరు, ఇది వేరు. ఇది కదులుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి వేదవతి ఏటి పొడి ఇసుకని ఎత్తి చేల మీద పోస్తుంది. ఒక రైతు ఇసుకకి అడ్డంగా కంప నాటుకున్నాడు. కంప సగం పూడిపోయింది. "ఆసాడం గాలికి నడుస్తాదన్నా ఇది. మా తాత దున్నిన చేను ఆ దిబ్బ కిందుండాది." ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. కారు అద్దాలు మూసినా పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. మా వాడు ఫొటో తీయడం మానేసి ఆయనతో కూర్చున్నాడు.

వేదవతినే ఇక్కడ హగరి అంటారు. పుట్టింది చిక్కమగళూరు వైపు బాబాబుడన్ కొండల్లో. దారిలో మైసూరు రాజులు 1907 నాటికి వాణీవిలాస సాగరం కట్టారు. దిగువన మన వైపు భైరవానితిప్ప ప్రాజెక్టు. వాణీవిలాస సాగరం 1933లో అలుగు పారాక మళ్లీ పారింది 2022లో. ఆ మధ్యకాలమంతా పైనుంచి వరద లేని ఏటికి మిగిలింది ఇసుకే. వాన తక్కువ దేశమే, గాలి ఎక్కువ చోటే, కాదనను. అయినా ఈ దిబ్బలకి ఆకాశాన్ని ఒక్కదాన్నే తప్పుపడితే అబద్ధమవుతుంది. ఏరు పారితే ఇసుక తడిగా ఉంటుంది, తడి ఇసుకని గాలి ఎత్తలేదు. ఎండగట్టిన ఏరు పుట్టించిన ఎడారి ఇది.

ఇక మా ఊరి సంగతి. హగరి సిరుగుప్ప వైపు పోయి తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర కృష్ణలో, కృష్ణ బెజవాడ బ్యారేజీకి, అక్కణ్ణించి కాలువలు. అంటే ఈ దిబ్బలు పుల్లేరుకి ఎగువన ఉన్నాయి. ఒకే నీటి దారి, ఒక కొసన దాళ్వా, ఇంకో కొసన దిబ్బ. దిబ్బలకి కూతవేటు దూరంలోనే తుంగభద్ర ఎగువ కాలువ ఆయకట్టు, దుక్కి చేసిన వరిమళ్లు. నీళ్లున్న గట్టు, లేని గట్టు పక్కపక్కనే. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకి 181.2 టీఎంసీలు లెక్కగట్టింది. తుంగభద్ర ఎగువ కాలువలో ఆంధ్ర వాటా 32.5. డ్యాంలో పూడిక పెరిగాక అదీ పూర్తిగా అందిన ఏడాది అరుదు. మా హక్కు ముందుది, మా పొలాలు ముందువి, ఆ వాదన నాకూ తెలుసు, సభల్లో నేనూ చప్పట్లు కొట్టాను. దర్గా హొన్నూరు రైతు ముందు కూర్చుని ఆ వాదన నోటికి రాలేదు. మా బావ మాత్రం ఒకటే అడిగాడు: "మీకు ఎకరాకి ఎన్ని తడులిస్తారు?" ఆయన చెప్పింది విని, మా చేలో రాత్రంతా తూము తెరిచి ఉంచి నిద్రపోయే అలవాటు గురించి ఆయనకి చెప్పలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. దర్గా హొన్నూరులో లాడ్జిలు లేవు, బళ్లారిలోనో రాయదుర్గంలోనో దిగండి. దిబ్బలు చూడాలంటే గాలికాలమే మేలు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. జింకల కోసం రోళ్లపాడు వెళ్లేవాళ్లు చలికాలంలో, పొద్దున్నే వెళ్లండి. ఎర్రగుడికి నీళ్లు మోసుకుపోండి. లేపాక్షి ఈ దారికి ఎడంగా, బాగా దక్షిణాన పడుతుంది, దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి. దిబ్బల మీద ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, గాలి వాటిని ఎవరి చేలోకో మోసుకుపోతుంది. ముఖ్యంగా డెల్టా రైతులు, నీటి సంఘాలవాళ్లు వెళ్లాలి. ఉయ్యూరు నుంచి రానూపోనూ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. కాలువకి నీళ్లు వదలకముందే వెళ్లిరండి, వదిలాక మీకు తీరదు.